ఏడో ఎక్కంలో అండాలు మాట

మేముండే ఫ్లాటుకు కింది అంతస్తులో అమ్మాయిల హాస్టలు ఉంది. అమీర్‌పేటలో హాస్టలు లేని సందు దొరకదు కాబట్టి ఇదేం వింత కాదు. అందరూ సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునే పిల్లలే. శ్రావణి ఒక్కతే టీచరు ఉద్యోగానికి చదివింది. మెట్ల మీద కూర్చుని, పిల్లల మనస్తత్వం మీద లావుపాటి పుస్తకం కంఠతా పట్టేది. నేను పాలప్యాకెట్ కోసం దిగినప్పుడల్లా కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చేది. మొన్న ఉద్యోగం వచ్చింది. స్వీట్ల డబ్బా పట్టుకుని మా తలుపు తట్టి, "మేడం, గీ పుస్తకంల లేనియి ఏమన్న ఉంటే జర చెప్పుండ్రి" అంది.

పుస్తకంలో లేనివే ఎక్కువ. నోటితో చెప్పడం మొదలుపెడితే మా చెల్లెలు మధ్యలో దూరి కథ తనది చేసుకుంటుంది కాబట్టి రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, కరువు భత్యం గురించి చెప్పడానికి ప్రతి స్టాఫ్ రూములోనూ ఒక పెద్దమనిషి ఉంటాడు. ఆయన్ని అడుగమ్మా, సాయంత్రం దాకా చెబుతాడు. నేను మాత్రం ఒక ఊరి గురించి, ఆ ఊరి బళ్ళో పిల్లలు పలకని ఒక మాట గురించి రాస్తాను. ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్ళు సగం మంది ఇప్పుడు ఈ చుట్టుపక్కలే ఉన్నారు, చదివితే కొట్లాటకు వస్తారు.

ముందుగా ఒకటి చెప్పాలి. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. ఒక ఊళ్ళో ఆడపిల్లలు పొద్దుటి ప్రార్థనలో ఒకరి వెనక ఒకరు పడిపోతుంటే బాణామతి అన్నారు. పక్క ఊరి నుంచి మంత్రగాడిని పిలిపించబోయారు. నేను ఆ పిల్లల ఇళ్ళకు పోయి పొయ్యిలో బూడిద ముట్టుకుని చూశాను. చల్లగా ఉంది. పిల్లలు ఏమీ తినకుండా వచ్చి ఎండలో నిలబడుతున్నారు. బడికి రాగానే గుప్పెడు అటుకులు, బెల్లంముక్క పెట్టించాను. బాణామతి ఆ వారంలోనే ఊరు విడిచింది. ఇలాంటి మనిషిని నేను. ఇక చదువు.

గొంతులు నేర్చుకోవడం

నా మొదటి బడి నేతవాళ్ళ ఊళ్ళో. మా పుట్టింటి వాళ్ళదీ మగ్గమే కాబట్టి గంజి వాసన నాకు కొత్త కాదు. రెండు గదులు, ఒక వరండా, అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లం. అంటే ఎప్పుడూ ఏదో ఒక తరగతికి నీ వీపే కనిపిస్తుంది. అలాంటి బళ్ళో కళ్ళతో పని జరగదు, చెవులతో జరగాలి.

అందుకని మొదటి నెల సిలబస్ అయినా కాకపోయినా గొంతులు నేర్చుకో. ఆకలితో ఉన్న పిల్ల గొంతు వాక్యం చివర జారిపోతుంది. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లవాడు అడగకముందే జవాబు చెప్పేస్తాడు. అబద్ధం ఆడే పిల్ల గొంతు రోజూకంటే శుభ్రంగా ఉంటుంది. నేను బోర్డు వైపు తిరిగి రాస్తూనే వెనక గొణిగినవాడి పేరు పెట్టి పిలిచేదాన్ని. టీచరుకు వీపు మీద కళ్ళున్నాయని పిల్లలు నమ్మేవాళ్ళు. అందరూ ఒక్కసారి అరిచినా ఎవరి గొంతు లేదో చెప్పగలిగేదాన్ని. ఈ ఒక్క విషయంలో నాకు గర్వం ఉంది, దాచుకోను.

ఆ బళ్ళో సాయంత్రం గంట కొట్టే ముందు ఎక్కాలు చెప్పించేవాళ్ళు. పిల్లలందరూ వరండాలో బారుగా కూర్చునేవాళ్ళు. అందరూ కలిసి అరవడం కాదు. గుంపులో సోమరిపోతులు పెదవులు కదిపి ఊరుకుంటారని అక్కడి హెడ్మాస్టరు ఒక పద్ధతి పెట్టాడు. ఎక్కంలో ఒక్కో వరుస ఒక్కో పిల్లకు. దాన్ని వాళ్ళు 'మాట' అనేవాళ్ళు. ఏడొకట్ల ఏడు ఒకరి మాట, ఏడు రెండ్ల పద్నాలుగు పక్కవాళ్ళ మాట. బడి నుంచి పోయేటప్పుడు తమ మాటను కొత్తగా చేరిన పిల్లకు అప్పజెప్పి పోవాలి. అన్న మాట తమ్ముడికి, అక్క మాట చెల్లెకు వచ్చేది. మాట పోగొట్టుకున్నవాడు ఊళ్ళో పరువు పోగొట్టుకున్నట్టే.

నేను చేరిన రోజు సాయంత్రం స్తంభానికి ఆనుకుని వింటున్నాను. రెండో ఎక్కం నుంచి ఆరో ఎక్కం దాకా గొంతులు మగ్గం మీద నాడెలా అటూ ఇటూ పరిగెత్తాయి. ఏడో ఎక్కంలో ఒక పాప "ఏడైదుల ముప్పై ఐదు" అంది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

మరిచిపోయిన నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మరిచినవాడు పైకప్పు చూస్తాడు, పక్కవాడు మోచేత్తో పొడుస్తాడు, ఎవరో కిసుక్కుమంటారు. ఇక్కడ అదేమీ లేదు. పిల్లలంతా తలలు కొంచెం గుమ్మం వైపు తిప్పి వింటున్నారు. ఒక మాట పలకడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపు. తర్వాత బారులో ఇంకో పిల్లవాడు "ఏడేళ్ళ నలభై తొమ్మిది" అని అందుకున్నాడు.

"ఆగండి, మధ్యలో ఒకటి ఎగ్గొట్టారు" అన్నాను.

"ఎగ్గొట్టలే టీచర్" అంది ముందు కూర్చున్న పాప. "అండాలక్క చెప్పింది గద."

"ఏ అండాలక్క?"

పాప నన్ను జాలిగా చూసింది. "మీకు ఇనవడలేదా?"

హాజరుపట్టీలో అండాలు అనే పేరు లేదు. కొత్త టీచరును ఆటపట్టిస్తున్నారనుకుని కోపం వచ్చింది. అప్పుడే ప్రహరీగోడ అవతల ఒక ఆడమనిషి కొంగు సర్దుకుని వెళ్ళిపోవడం చూశాను. అంతసేపూ ఆమె అక్కడ నిలబడి ఉంది.

పెద్దసారు ఇచ్చిన మాట

హెడ్మాస్టరును ఊరంతా పెద్దసారు అనేవాళ్ళు. నశ్యం పీల్చేవాడు, పైనుంచి వచ్చిన కాగితాలను చాప కింద పెట్టి మరిచిపోయేవాడు, జీతం అందగానే రెండు రోజులు పొలం పనికి పోయేవాడు. ఈ కాలంలో అయితే ఆయన ఉద్యోగం ఒక ఏడాది కూడా నిలబడదు. కానీ ఏ పిల్ల ఇంట్లో ఏం జరుగుతుందో ఆయనకు తెలియనిది లేదు. నేను చూసిన హెడ్మాస్టర్లలో ఆయనంత మంచి ఉపాధ్యాయుడు, ఆయనంత చెడ్డ ఉద్యోగి ఇంకొకరు లేరు.

అండాలు సంగతి ఆయనే చెప్పాడు. గోడ అవతల నిలబడేది ఆమె తల్లి లసుమవ్వ. రాట్నం మీద నూలు కండెలు చుట్టి బతికేది. భర్త మగ్గం మీదనే ఊపిరి వదిలాడు. ఊళ్ళో పని తగ్గిన ఒక ఏడాది లసుమవ్వ చెల్లెలు కుటుంబం భీవండిలో సాంచాల పనికి, అంటే మరమగ్గాల మీద పనికి బయలుదేరింది. నాలుగు నెలలు తిండి దొరుకుతుందని అండాలును కూడా పంపింది. పిల్లకు తొమ్మిదేళ్ళు. దారిలో రైలు మారే చోట జనం తోపులాటలో చెయ్యి జారింది. అంతే. వెతకని చోటు లేదు. పిల్ల ఉన్నదనే కబురు గానీ, పోయిందనే కబురు గానీ రాలేదు.

"లసుమవ్వ నా దగ్గరికొచ్చింది" అన్నాడు పెద్దసారు. "ఏడ్వలే. సారూ, నా బిడ్డ మాట ఎవ్వలకు ఇయ్యకు, అది వచ్చినంక ఏం జెప్తది, నడిమిట్ల జాగ లేకుంటే యాడ కూసుంటది అన్నది. ఇయ్యనమ్మా అన్న. అంతే."

"మరి పిల్లలు వినిపిస్తుంది అంటున్నారు?"

"అనవట్టి శాన ఏండ్లాయె. నాకైతే ఇనవడదమ్మా. నాకు చెవుడు."

ఆయనకు చెవుడు లేదు. ఊరి చివర బస్సు హారన్ కొడితే డ్రైవరు ఎవరో చెప్పేవాడు. "చెవుడైతే మీరు కూడా గుమ్మం దిక్కు ఎందుకు చూస్తారు?" అని అడిగాను. నశ్యం డబ్బీ మూత తీసి, అందులో ఏదో పోయినట్టు వెతుక్కున్నాడు.

అప్పుడు బళ్ళో ఉన్న పిల్లల్లో అండాలును చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చాలామంది ఆమె పోయాక పుట్టినవాళ్ళు. అయినా బళ్ళో చేరిన నెల తిరక్కుండానే అందరూ గుమ్మం వైపు తల తిప్పడం నేర్చుకునేవాళ్ళు. నేను వాళ్ళను అడగడం మానేశాను. అది భయం అయితే తీసేసేదాన్ని. ఆ పిల్లలకు భయం లేదు. బళ్ళో ఒక అక్క ఉంది, ఆమెకు ఒక మాట ఉంది, అంతే వాళ్ళ లెక్క.

లసుమవ్వ ఏ రోజూ గేటు దాటి లోపలికి రాలేదు. గోడ పక్కన నిలబడి ఏడో ఎక్కం దాకా విని, ఖాళీ అలాగే ఉందని తెలుసుకుని, పోయి రాట్నం ముందు కూర్చునేది. ఆ ఖాళీ ఉన్నంత కాలం తన బిడ్డకు ఈ లోకంలో కూర్చునే చోటు ఉన్నట్టు. నేను కూడా ఆ మాట పలకడం మానేశాను. లెక్కల పాఠంలో అవసరం పడితే జవాబు బోర్డు మీద రాసి ఊరుకునేదాన్ని. ఇది కూడా నీ పుస్తకంలో ఉండదు.

కొత్త హెడ్మాస్టరు

పెద్దసారు రిటైరయ్యాక పట్నం నుంచి కొత్తాయన వచ్చాడు. చెడ్డవాడు కాదు. వేళకు వచ్చేవాడు, బడికి సున్నం వేయించాడు, మూత్రశాల కట్టించాడు. పిల్లలను కొట్టేవాడు కాదు. ఆయన తప్పు ఒక్కటే, తనకు తెలియనిది ఊళ్ళో ఏదైనా ఉండొచ్చని ఆయనకు తోచదు.

ఏడో ఎక్కం విన్న మొదటి రోజే మండిపడ్డాడు. పెద్దసారు ఇచ్చిన మాట గురించి చెప్పాను. "ఆయన ఇచ్చిండు. నేను ఇయ్యలేదు గదా మేడం. పిల్లలకు లెక్క తప్పు నేర్పుతమా ఒక ముసలామె కోసం?" అన్నాడు. లసుమవ్వతో ఒకసారి మాట్లాడి చూడమన్నాను. చదువు చెప్పడానికి ఒకరి అనుమతి ఏమిటన్నాడు. బడి మొత్తం మీద పెద్ద గొంతు ఉన్న రాజేశాన్ని పిలిచి, ఈ రోజు నుంచి ఆ మాట నీది అన్నాడు. రాజేశం నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను, ఆయన నాకు పైవాడు.

ఆ సాయంత్రం రోజూలాగే బారుగా కూర్చున్నారు. ఇంకా ఎండ ఉంది. గోడ అవతల లసుమవ్వ కొంగు కనిపిస్తూనే ఉంది. ఎక్కాలు ఒక్కొక్కటిగా దాటి ఏడు దగ్గరికి వచ్చాయి. ఏడైదుల ముప్పై ఐదు అయింది. హెడ్మాస్టరు రాజేశం వైపు వేలు చూపించాడు.

మాట వినబడింది. స్పష్టంగా, పూర్తిగా.

హెడ్మాస్టరు తల ఊపి, "చూశారా మేడం, ఎంత సులువో" అన్నాడు. ఆ గొంతు రాజేశంది కాదు. ఆ బారులో కూర్చున్న ఎవరిదీ కాదు. ఆడపిల్ల గొంతు, ముక్కు మూసుకుపోయి, సర్ది పట్టిన గొంతు. నాకు తెలియని గొంతు ఆ బళ్ళో అదొక్కటే.

రాజేశం లేచి నిలబడ్డాడు. "సార్, నేను నోరు తెరవలే సార్."

"చెప్పినవు గదరా, నేను విన్న."

"నేను తెరవలే సార్!"

అప్పుడు గేటు చప్పుడయింది. లసుమవ్వ మొదటిసారి బళ్ళోకి వచ్చింది. చేతికి గంజి పోగులు అంటుకుని ఉన్నాయి. "వచ్చిందా? ఎప్పుడొచ్చింది? గిండ్లనే కూసున్నదా?" అంటూ బారు మొదటి నుంచి ఒక్కొక్క ఆడపిల్ల గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసింది. పిల్లలు కదలకుండా చూడనిచ్చారు. చివరి పిల్ల దాకా పోయి, మళ్ళీ మొదటికి వచ్చి, ఇంకోసారి చూసింది. హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆయనకు ఏమీ చెప్పనక్కర లేకపోయింది.

ఆమెను నేనే ఇంటికి తీసుకుపోయాను. దారిలో తనే చెప్పింది. "పోయిన దినం దానికి సర్ది ఉండె టీచరమ్మా. మిరియాల కషాయం తాపి పంపుదామనుకున్న. బస్సు పోతదని మా చెల్లె ఊకోలే." నేను విన్న గొంతు గురించి ఆమెకు నేనేమీ చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.

మరునాడు హెడ్మాస్టరు ఎవరికీ ఏమీ చెప్పకుండానే ఖాళీ మళ్ళీ వచ్చింది. అప్పటి నుంచి ఆయన ఎక్కాల వేళకు ఏదో పని చెప్పుకుని ముందే వెళ్ళిపోయేవాడు. ఒకసారి మాత్రం, "మేడం, ఆ రోజు మీరు సుత విన్నరా?" అని అడిగాడు. విన్నానన్నాను. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఏమి విన్నాను అని నువ్వు అడుగుతావు శ్రావణీ. పిల్లలందరూ ఏళ్ళ తరబడి ఒక చోట చెవి పెట్టి వింటుంటే మన చెవి కూడా మోసపోతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అది మంచి జవాబే. సర్ది సంగతికి మాత్రం అందులో జవాబు లేదు. ఇందులో నీకు పనికొచ్చేది ఒకటుంది. ఊళ్ళో ఏదైనా మార్చే ముందు గోడ అవతల ఎవరు నిలబడి వింటున్నారో చూసుకో. మంచి పనే కావచ్చు, అయినా చూసుకో.

బల్కంపేట వైపు

తర్వాత చాలా బళ్ళు తిరిగాను. చివరికి రిటైరై, పెళ్ళీ పెటాకులూ లేని మనిషిని కాబట్టి చెల్లెలి ఇంట్లో చేరాను. అమీర్‌పేట సందుల్లో జనం, కోచింగ్ బోర్డులు, మెట్రో దిగి పరిగెత్తే పిల్లలు. మొదట్లో తల దిమ్మెక్కేది. తర్వాత తెలిసింది, నేను పని చేసిన ఊళ్ళన్నీ ఇక్కడికే వచ్చి ఉన్నాయని. మగ్గాలు ఆగిపోయాక నేతవాళ్ళు సూదులు పట్టుకుని పట్నం చేరారు. మా మొదటి ఊరి బళ్ళో పిల్లలు తగ్గి తగ్గి, మూసేశారని కూడా ఇక్కడే విన్నాను.

బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోయే దారిలో ఒక జాకెట్ల దుకాణం ముందు "టీచర్!" అని ఒక కేక వినబడింది. ఆ గొంతు నాకు తెలుసు. తల నెరిసిన రాజేశం మిషను మీద నుంచి లేచి వచ్చాడు. అప్పటి నుంచి సాయంత్రాలు ఆ దుకాణంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ నాది. బోనాల ముందైతే ఆ కుర్చీ మీద కూడా చీరలే, నిలబడి మాట్లాడాలి.

ఆయన చిన్న బిడ్డ అక్షిత బడి నుంచి వచ్చి గుడ్డపేలికల మూట మీద కూర్చుని చదువుకునేది. ఇంగ్లీషు మీడియమే, అయినా తండ్రి పట్టుబట్టి ఎక్కాలు తెలుగులో నేర్పాడు. ఒక సాయంత్రం ఆ పిల్ల ఏడో ఎక్కం చెబుతూ అయిదు దాటి ఆగింది. తల కొంచెం తలుపు వైపు తిప్పింది. ఆ తర్వాత "ఏడేళ్ళ" అని అందుకుంది.

నా చేతిలో టీ గ్లాసు కింద పెట్టాను. "నడుమ ఆగమని నాయిన చెప్పిండా?"

"లే. అక్క చెప్తది గద, అందుకే ఆగిన" అంది పిల్ల.

రాజేశం మిషను ఆగిపోయింది. "నాకు ఆ మాట నోటికి రాదు టీచర్, అందుకే ఆడ ఖాళీ ఇడిచి నేర్పిన. గంతే. అక్క ముచ్చట దానికి నేను చెప్పలే. అండాలు పేరు సుత దాని ముందట ఎన్నడు తియ్యలే."

బయట బస్సులు, ఆటోలు, గుడి మైకు. అయినా ఆ దుకాణంలో నాకు ఆ వరండాయే గుర్తొచ్చింది. భయపడ్డాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. ఊరు పోయింది, బడి పోయింది, మనుషుల వెంట ఆ ఖాళీ ఇంకా నడిచి వస్తోంది.

పంజాగుట్టలో

ఈ ఏడాది రాజేశం ఫోన్ చేశాడు. లసుమవ్వను పంజాగుట్ట వైపు ఒక ఆసుపత్రిలో చేర్చారని, ఆనవాలు పట్టలేనంతగా చిక్కిపోయిందని, ఊరివాళ్ళు తలా ఒక రోజు కాపలా ఉంటున్నారని చెప్పాడు. పోయి చూశాను. మంచంలో పిడికెడు మనిషి. కళ్ళు మూసుకునే ఉన్నా దుప్పటి మీద వేళ్ళు మాత్రం కండె చుట్టినట్టు తిరుగుతూనే ఉన్నాయి. నా గొంతు వినగానే కళ్ళు తెరిచింది.

"టీచరమ్మా, బడి మూసిండ్రట గద?"

"మూసిండ్రు లసుమవ్వా."

"మరి నా బిడ్డ జాగ యాడ ఉన్నట్టు? అది వస్తే యాడ కూసుంటది?"

పక్కన ఊరి మనిషి ఒకతను గొంతు తగ్గించి, "దినాం గిదే అడుగుతున్నది మేడం. పానం గిందుకే ఆగింది" అన్నాడు. డాక్టర్లు చేసేది ఏమీ లేదని చెప్పేశారు. ఆమె ప్రాణం దేని కోసం పట్టుకుని ఉందో మాకు తెలుసు. తీర్చకపోతే ఆమె ఆ ప్రశ్నతోనే పోవాలి.

రాజేశం తన ఫోన్‌లో పాత బడిపిల్లలందరికీ కబురు పెట్టాడు. మరునాడు సాయంత్రం చూడ్డానికి వదిలే వేళకు వచ్చారు. ఒకడు అమీర్‌పేటలో షేరాటో నడిపేవాడు, యూనిఫాం మీదనే వచ్చాడు. ఎర్రమంజిల్ ఆఫీసులో అటెండరుగా ఉన్న ఆమె, హాస్టల్లో వంటచేసే ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, మరో ఇద్దరు ముగ్గురు. అందరికీ తలలు నెరుస్తున్నాయి. మంచం చుట్టూ బారుగా నిలబెట్టాను. ఎవరి మాట వాళ్ళకు గుర్తుంది. రానివాళ్ళ మాటలు నేను అందుకుంటానన్నాను.

నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఏంటండీ ఇది, వార్డు అనుకున్నారా, బడి అనుకున్నారా?"

"బడే అనుకున్నామమ్మా. ఒక్క ఎక్కం. ఆ తర్వాత వెళ్ళిపోతాం" అన్నాను. ఆ గొంతుతో నేను చెబితే జిల్లా అధికారులే కూర్చునేవాళ్ళు. ఆ నర్సు కూడా ఊరుకుంది.

నెమ్మదిగా మొదలుపెట్టారు. ఏడొకట్ల ఏడు. ఏడు రెండ్ల పద్నాలుగు. పెద్ద గొంతులే అయినా ఆ రాగం అదే. లసుమవ్వ వేళ్ళు తిరగడం ఆగింది. షేరాటో అతను "ఏడైదుల ముప్పై ఐదు" అన్నాడు. అందరి తలలు తలుపు వైపు తిరిగాయి. నేను తిప్పలేదు. నేను వాళ్ళ నోళ్ళ వంక చూస్తున్నాను. బతుకంతా చేసిన పని అదే, ఎవరు పలికారో కనిపెట్టడం. ఈసారి మోసపోకూడదనుకున్నాను.

ఒక్క నోరూ తెరుచుకోలేదు. మాట వినబడింది.

తలుపు వైపు నుంచి, తొమ్మిదేళ్ళ పిల్ల గొంతు. ఈసారి ముక్కు మూసుకుపోలేదు, తేటగా ఉంది. పక్క మంచం దగ్గర కూర్చున్న ఆయన ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు. నర్సు మాత్రం చటుక్కున వెనక్కి తిరిగి, "ఎవరా పాప? పిల్లల్ని లోపలికి రానివ్వరిక్కడ" అంటూ తలుపు దాకా పోయి, వరండాలో అటూ ఇటూ చూసి, మెల్లగా తిరిగి వచ్చింది.

తర్వాతి మాట రాజేశంది. ఆయన ఏడుస్తున్నాడు, పలకలేకపోయాడు.

లసుమవ్వ తలుపు వైపు చూడనే లేదు. చూడాల్సిన అవసరం ఉన్నట్టు లేదు. "సర్ది తగ్గింది బిడ్డకు" అంది. కాసేపు ఊపిరి పీల్చుకుని, నా చెయ్యి వెతికి పట్టుకుంది. "ఇగ ఇచ్చెయ్యి టీచరమ్మా. ఆ మాట ఇంకెవలకన్న ఇయ్యి. మేమిద్దరం పోతం."

ఆ వారంలోనే ఆమె పోయింది. ఊరివాళ్ళంతా నిలబడి సాగనంపారు.

ఇచ్చేసిన మాట

ఈ పని గురించి నేను నేర్చుకున్నది ఏమిటని అడిగావు. హాజరు తీసుకున్నప్పుడు పలికిన పిల్లలే బడి అనుకోకు. రాని పిల్ల, మానిపించిన పిల్ల, పనికి పంపిన పిల్ల, వాళ్ళు కూడా నీ బళ్ళోనే ఉన్నారు. వాళ్ళకు చోటు ఉంచు. మిగిలిన పిల్లలు దాన్ని కాపాడతారు, పెద్దవాళ్ళకంటే బాగా కాపాడతారు. దీనికంటే పెద్ద సంగతి నాకేమీ తెలియదు.

లసుమవ్వ పోయిన తర్వాత కొన్ని రోజులు నేను బల్కంపేట వైపు పోలేదు. పోయిన రోజున దుకాణంలో మిషన్లు నడుస్తున్నాయి. అక్షిత పేలికల మూట మీద కూర్చుని ఉంది. ఆసుపత్రి సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, నేను అడిగి తెలుసుకున్నాను. నన్ను చూసి పుస్తకం మూసింది.

"టీచరమ్మా, అక్క చెప్తలేదు."

"ఏమి చెప్తలేదు బిడ్డా?"

"ఏడో ఎక్కంల. నేను ఆగుతున్న, ఆగుతున్న, ఏం ఇనవడ్తలేదు. ఆడ ఎవ్వలు లేరు." మొహం చిన్నబోయి ఉంది. "నేను చెప్పాల్నా?"

రాజేశం కాలు మిషను మీదనే ఆగిపోయింది. ఆయన మొహం చూశాను. ఆయన తల ఊపాడు.

"చెప్పు" అన్నాను. "అది ఇప్పుడు నీ మాట."

పిల్ల ఒకసారి తలుపు వైపు చూసి, ఎవరూ లేరని మళ్ళీ రూఢి చేసుకుని, నిటారుగా కూర్చుంది. నేను కళ్ళు మూసుకుని విన్నాను. ఒక్క గొంతే. అక్షిత గొంతు, నాకు బాగా తెలిసిన గొంతు.

"ఏడార్ల నలభై రెండు."